పెద్ద హయాటస్ హెర్నియాకి కీహోల్ ఆపరేషన్: చేయించుకున్నవాళ్లు తర్వాత ఎలా ఉన్నారు?

సుజాత_ఎంవీపీ
మా అమ్మకి 69 ఏళ్లు. విశాఖ ఎంవీపీ కాలనీలో మాతోనే ఉంటుంది. రెండేళ్లుగా ఒంట్లో రక్తం నిలవడం లేదు. హిమోగ్లోబిన్ ఒకసారి 7.6కి పడిపోయింది. ఐరన్ మాత్రలు వేస్తే కాస్త పెరుగుతుంది, ఆపితే మళ్లీ మొదటికే. మొలలేమో అన్నారు, కాదు. పెద్దపేగు కెమెరా పరీక్ష చేయించాం, ఏమీ లేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని గుండె డాక్టరు దగ్గరికి వెళ్తే ఎకో బాగుందన్నారు. ఈ రెండేళ్లలో అమ్మ తిండి సగానికి తగ్గిపోయింది. నాలుగు ముద్దలకే "చాలే, గుండె మీదకి వచ్చేసింది" అంటుంది. వయసు వల్ల అనుకున్నాం, అక్కడే తప్పు చేశాం.

పోయిన నెల ఎండోస్కోపీ, తర్వాత సీటీ తీస్తే తెలిసింది. జీర్ణాశయం సగానికి పైగా ఛాతీలోకి వెళ్లిపోయి ఉంది. ఒక సర్జన్ కీహోల్ ఆపరేషన్, అంటే చిన్న కోతలతో చేసేది, చేయించెయ్యండి అన్నారు. ఇంకొకరు ఈ వయసులో వద్దు, చాలామందికి మళ్లీ వస్తుంది, మాత్రలతో నెట్టుకురండి అన్నారు. ఇద్దరూ పెద్దవాళ్లే. ఎవరి మాట వినాలో తెలీక నాకు నిద్ర పట్టడం లేదు.

చిన్న హెర్నియా సంగతి కాదు, ఇలాంటి పెద్దది చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, రెండు మూడేళ్ల తర్వాత ఎలా ఉన్నారో చెప్పండి.

గాజువాక_రమణ
వద్దండీ. మా మావయ్యకి 2021లో చేశారు. రెండేళ్లకి స్కాన్ తీస్తే మళ్లీ పైకి వచ్చేసింది. అప్పు చేసి కట్టిన డబ్బు. ఆ రెండో డాక్టరు చెప్పిందే నిజం.

లాసన్స్‌బే_వాణి
బొడ్డు హెర్నియాకి బెల్టు పెట్టుకుంటారు కదా, దీనికి అలాంటిది పనికిరాదా? ఆపరేషన్ లేకుండా పోతుందేమో.

ఏఎంసీ_పాతబ్యాచ్
వాణి గారూ, బెల్టు అస్సలు వద్దు. ఇది బయటికి ఉబ్బే హెర్నియా కాదు. ఛాతీకీ కడుపుకీ మధ్య గోడలా ఉండే డయాఫ్రమ్‌లో, అన్నవాహిక దిగే కన్నం వెడల్పయి, కింద ఉండాల్సిన జీర్ణాశయం పైకి జారుతుంది. పొట్టని బెల్టుతో బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి ఇంకా పైకి తోస్తుంది.

సుజాత గారికి వివరంగా రాస్తాను. రాత్రి డ్యూటీ అయ్యాక.

ఉక్కునగరం_రిటైర్డ్
అమ్మా సుజాతా, నేను చేయించుకున్నవాణ్ణే. 2019లో. అప్పుడు నాకు 61. ఏడాది పాటు పడక్కుర్చీలోనే నిద్రపోయాను. పడుకుంటే తిన్నది నోట్లోకి వచ్చేది, దగ్గుతో లేచేవాణ్ణి. అన్నం తినగానే గుండె దడ. రెండుసార్లు గుండెపోటు అనుకుని రాత్రిపూట ఎమర్జెన్సీకి పరిగెత్తాం.

ఆపరేషన్ దాదాపు మూడు గంటలు పట్టింది. పొట్ట మీద ఐదు చిన్న కోతలు. జీర్ణాశయాన్ని కిందికి లాగి, కన్నాన్ని కుట్లతో చిన్నది చేసి, జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ కండువాలా చుట్టారు. లేచాక పొట్ట కన్నా భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. నాకు భయమేసింది. లోపల నింపిన గ్యాస్ వల్ల అని చెప్పారు, రెండు రోజుల్లో పోయింది. మూడో రాత్రి తర్వాత ఇంటికి పంపారు.

మొదటి నెల కష్టం. ఏడు కిలోలు తగ్గాను. ఒక ముద్ద ఎక్కువైతే రొమ్ము మధ్యలో రాయి పెట్టినట్టు ఉండేది. ఐదో వారంలో సాంబారులో నానబెట్టిన ఇడ్లీ తిన్న రోజు మా ఆవిడ ఫోటో తీసి పిల్లలకి పంపింది.

ఇప్పుడు అసలు విషయం. 2022లో మళ్లీ ఎండోస్కోపీ చేస్తే "చిన్న హెర్నియా ఉంది, రెండు సెంటీమీటర్లు" అని రాశారు. అంటే రమణ చెప్పినట్టు నాకూ మళ్లీ వచ్చినట్టే. కానీ నేను మంచం మీద వెల్లకిలా పడుకుంటున్నాను. పోయినేడాది సింహాచలం మెట్లదారిలో కొండెక్కాను. ఆ రెండు సెంటీమీటర్లు నాకు ఉన్నట్టే తెలీదు.

గాజువాక_రమణ
మాస్టారూ, మీకు బాగుంది, సంతోషం. కానీ చేసింది మళ్లీ ఊడితే దాన్ని సక్సెస్ అని ఎలా అంటారు? ఇంటి స్లాబు కారుతుంటే లక్షలు పెట్టి బాగు చేయించి, రెండేళ్లకి మళ్లీ కారితే మేస్త్రీని మెచ్చుకుంటామా?

ఉక్కునగరం_రిటైర్డ్
ముందు బకెట్లు పెట్టాల్సొచ్చి, ఇప్పుడు గోడ మీద ఒక తడి మరక మాత్రమే ఉంటే మెచ్చుకుంటాను తమ్ముడూ.

అంబలి_అభిమాని
దీనికి సింపుల్ చిట్కా ఉంది. పొద్దున్నే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు తాగి, మునివేళ్ల మీద లేచి మడమలు దబ్బున నేలకి కొట్టాలి. పది సార్లు. నీళ్ల బరువుకి కడుపు కిందికి దిగుతుంది. మా పిన్నిగారికి తగ్గింది.

నర్సమ్మ_మర్రిపాలెం
అంబలి గారూ, దయచేసి ఈ అమ్మగారి విషయంలో ఇది చెప్పకండి. జీర్ణాశయం సగం పైకి వెళ్లి, ఏళ్ల తరబడి అక్కడే అతుక్కుని ఉంటుంది. గెంతితే దిగదు. 69 ఏళ్ల మనిషి, రక్తం లేని మనిషి, కళ్లు తిరిగి పడిపోతే తుంటి విరుగుతుంది.

అంబలి_అభిమాని
పెద్దదని గమనించలేదు. తీసేసుకుంటున్నా ఆ సలహా.

ఏఎంసీ_పాతబ్యాచ్
నేను జనరల్ సర్జన్‌ని. ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివాను. సీటీ చూడకుండా ఎవరికీ "చేయించండి, వద్దు" అని చెప్పను. కానీ ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా ఎందుకు చెప్పారో అర్థమయ్యేలా చెప్పగలను.

హయాటస్ హెర్నియాల్లో నూటికి సుమారు 95 జారుడు రకం. అన్నవాహికా జీర్ణాశయమూ కలిసే చోటు కొంచెం పైకి జారుతుంది. మంట, పులితేన్పులు. ఎక్కువ మందికి మాత్రలు చాలు. మిగతా కొద్ది మందిలో జీర్ణాశయం పైభాగమే అన్నవాహిక పక్కనుంచి ఛాతీలోకి ఎక్కుతుంది. ముదిరితే పెద్దపేగు కూడా వెంట వెళ్లొచ్చు. సుజాత గారి అమ్మగారిది ఈ కోవలోదే అనిపిస్తోంది. ఇక్కడ సమస్య యాసిడ్ ఒక్కటే కాదు, చోటు. ఊపిరితిత్తి పక్కన జీర్ణాశయం కూర్చుంటే ఆయాసం రాదా? నాలుగు ముద్దలకే నిండిపోదా?

రక్తం సంగతి. జీర్ణాశయం డయాఫ్రమ్ కన్నం దగ్గర నొక్కుకుని, ప్రతి శ్వాసకీ రాసుకుంటూ ఉంటుంది. అక్కడ పొడుగ్గా చీరుకున్నట్టు పుండ్లు పడతాయి. కామెరాన్ పుండ్లు అంటారు. రోజుకి కొంచెం కొంచెంగా రక్తం కారుతుంది. కంటికి కనబడదు, మలం కూడా ఒక్కోసారి మామూలుగానే ఉంటుంది. ఎండోస్కోపీలో కూడా తేలిగ్గా తప్పిపోతాయి. అందుకే రెండేళ్లు తిరగాల్సొచ్చింది. మీరు తప్పు చేశామని బాధపడకండి, చాలా కుటుంబాల్లో ఇలాగే జరుగుతుంది. ఆపరేషన్ తర్వాత ఈ రక్తహీనత చాలామందిలో సర్దుకుంటుంది.

"వద్దు" అన్న డాక్టరు మాటకీ ఆధారం ఉంది. 2002లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఇబ్బందులు లేనివాళ్లు, లేదా చాలా తక్కువగా ఉన్నవాళ్లు ఊరికే కనిపెట్టుకుని ఉంటే, అకస్మాత్తుగా ప్రమాదంలో పడే అవకాశం ఏడాదికి సుమారు 1.1 శాతమే అని లెక్క తేల్చారు. అంతకు ముందు పెద్ద హెర్నియా కనబడితే చాలు, ఆపరేషన్ చేసేసేవారు. ఆ అలవాటుని మార్చిన అధ్యయనం అది. అయితే అందులో మొదటి మాట మర్చిపోకూడదు: ఇబ్బందులు లేనివాళ్లు. హిమోగ్లోబిన్ 7.6, ఆయాసం, తిండి సగం. ఈ మనిషిని ఆ లెక్కలో వెయ్యలేం.

సుజాత_ఎంవీపీ
చదువుతుంటే ఏడుపొచ్చింది డాక్టరు గారూ. "రోజుకి కొంచెం కొంచెంగా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మేం మాత్రం ఆకుకూరలు తినలేదని అమ్మని తిట్టేవాళ్లం.

మరి మళ్లీ రావడం సంగతి? రమణ గారన్నది కొట్టిపారెయ్యలేకపోతున్నాను.

ఏఎంసీ_పాతబ్యాచ్
కొట్టిపారెయ్యక్కర్లేదు. ఆయన చెప్పింది నిజమే. సగమే నిజం.

ఈ ఆపరేషన్‌కి మెష్, అదే జాలీ, వేస్తే మేలా అని అమెరికాలో 108 మంది మీద పరీక్ష చేశారు. సగం మందికి కుట్లు మాత్రమే, సగం మందికి కుట్ల మీద జీవపదార్థంతో చేసిన మెష్. 2006లో మొదటి ఫలితాలొచ్చాయి. ఆరు నెలలకి బేరియం మందు తాగించి ఎక్స్‌రే తీస్తే కుట్లవాళ్లలో 24 శాతానికి, మెష్ వాళ్లలో 9 శాతానికి మళ్లీ వచ్చింది. అందరూ మెష్ గెలిచిందన్నారు. ఐదేళ్లకి దగ్గరగా మళ్లీ చూస్తే? కుట్లలో 59, మెష్‌లో 54. రెండు సెంటీమీటర్లు పైకి వచ్చినా "వచ్చింది" అనే లెక్క వేశారని గుర్తుంచుకోండి.

సగం మందికి పైగా! కానీ అదే మనుషుల్ని ఎలా ఉన్నారని అడిగితే, మింగడం, ఛాతీనొప్పి, తొందరగా నిండిపోవడం, ఇవన్నీ ఆపరేషన్‌కి ముందుకన్నా చాలా మెరుగు. ఎక్స్‌రేలో మళ్లీ వచ్చినవాళ్లకీ, రానివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు అతి కొద్దిమంది. ఉక్కునగరం మాస్టారు తన సంగతి చెప్పింది సరిగ్గా ఇదే.

డయాఫ్రమ్ రోజుకి ఇరవై వేల సార్లకు పైగా కదిలే కండరం. దానికి వేసిన కుట్టు కదలకుండా ఉండాలంటే కుదరదు. దగ్గు, మలబద్ధకం, అధిక బరువు ఉంటే ఇంకా కష్టం.

బీచ్‌రోడ్_ప్రసాద్
మరి మెష్ వేయించాలా వద్దా? మాకు తెలిసినాయనకి వేశారు, బాగానే ఉంది.

ఏఎంసీ_పాతబ్యాచ్
అందరికీ అక్కర్లేదు ప్రసాద్ గారూ. ఆస్ట్రేలియాలో 126 మందికి కుట్లు, కరిగే మెష్, కరగని మెష్ మూడింటినీ పోల్చారు. ఐదేళ్ల తర్వాత చూసినా మెష్ వల్ల ప్రత్యేకమైన మేలు కనబడలేదు. గజ్జ హెర్నియా వేరు, ఇది వేరు. ఇక్కడ పక్కనే అన్నవాహిక ఉంటుంది. అరుదుగానే అయినా, కరగని మెష్ దాన్ని కోసుకుంటూ లోపలికి దిగితే బాగుచెయ్యడం పెద్ద పని.

గాజువాక_రమణ
సరే, మీరు చెప్పింది విని నిన్న మావయ్యకి ఫోన్ చేసి తిన్నగా అడిగాను. ముందు ఏం ఇబ్బందులుండేవి, ఇప్పుడేమున్నాయి అని. ఆయాసం, తిన్నాక నొప్పి మళ్లీ రాలేదట. మంట మాత్రం వచ్చింది, రోజూ యాసిడ్ తగ్గించే మాత్ర, పాంటాప్రజోల్, ఒకటి వేసుకుంటున్నాడు. "మాత్ర లేకుండా ఉంటానని చెప్పి చేశారు, అది నిజం కాలేదు" అని ఆయన బాధ. నా అభ్యంతరం ఇప్పటికీ అదే. ముందే ఈ మాట చెప్పి ఉంటే ఆయన నిరాశపడేవాడు కాదు. స్కాన్ రిపోర్టులో "మళ్లీ వచ్చింది" అని చదివి నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఏఎంసీ_పాతబ్యాచ్
మీ మావయ్యగారి బాధలో న్యాయం ఉంది. అది మా వైపు తప్పే. రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకునేటప్పుడు ఈ మాట చెప్పాలి.

తగరపువలస_కృష్ణవేణి
నా అనుభవం మంచిది కాదు, అయినా చెప్పాలి. నాకు నగరంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేశారు. పేరు రాయను. అన్నవాహిక చుట్టూ పూర్తిగా చుట్టేశారు. రెండు నెలలైనా నీళ్లు తప్ప ఏదీ దిగలేదు. ఫోన్ చేస్తే "అలాగే ఉంటుంది, సర్దుకుంటుంది" అనేవారు. ఉమ్ము కూడా మింగలేని రోజు వచ్చింది. వేరే చోటికి వెళ్తే ఎండోస్కోపీతో బెలూన్ పెట్టి వెడల్పు చేశారు, రెండుసార్లు. ఇప్పుడు అన్నం తింటున్నాను. చపాతీ మాత్రం ఈ రోజుకీ భయమే.

తర్వాత తెలిసింది, చెయ్యకముందు మానోమెట్రీ అనే పరీక్ష చెయ్యాలట. అన్నవాహిక కండరం ఎంత బలంగా తోస్తుందో చూస్తారు. నాకు చెయ్యలేదు. సుజాత గారూ, ఇది అడగండి.

ఏఎంసీ_పాతబ్యాచ్
కృష్ణవేణి గారు చెప్పింది ముఖ్యం. పూర్తిగా 360 డిగ్రీలు చుట్టేదాన్ని నిస్సెన్ పద్ధతి అంటారు, 1950ల నుంచీ ఉంది. వెనకనుంచి 270 డిగ్రీలే చుట్టేది టూపే. యాసిడ్‌ని ఆపడంలో రెండూ బాగానే పనిచేస్తాయి, మింగడంలో ఇబ్బంది టూపేతో తక్కువ. పెద్ద వయసువాళ్లకీ, అన్నవాహిక బలహీనంగా ఉన్నవాళ్లకీ నేనైతే టూపే వైపే మొగ్గుతాను. జీర్ణాశయం బాగా మెలిపడి ఉంటే మానోమెట్రీ గొట్టం కిందిదాకా వెళ్లకపోవచ్చు, అందుకని కొందరికి కుదరదు. కానీ అడగడం మీ హక్కు.

మొదటి ఆరు వారాలు మింగడం కష్టంగా ఉండటం మామూలే, వాపు వల్ల. నీళ్లు కూడా దిగకపోతే మామూలు కాదు, ఆ రోజే వెళ్లాలి.

రణస్థలం_అప్పలరాజు
ఈ చర్చ మూడు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని.

మా అత్తగారికి ఇదే హెర్నియా. నాలుగేళ్ల కింద చెప్పారు. అప్పుడప్పుడు తిన్నాక నొప్పి, వాంతి. పొలం పనులైపోయాక చూద్దాం, మనవరాలి పెళ్లయ్యాక చూద్దాం అని వాయిదా వేశాం. ఒకరోజు సాయంత్రం నుంచి భరించలేని నొప్పి. వాంతికి వచ్చినట్టే వస్తుంది, ఏమీ పడదు. గ్యాస్ అనుకుని సోడా పట్టించాం. తెల్లారేసరికి చెయ్యి చల్లబడింది. అంబులెన్సులో విశాఖ చేరేసరికి మధ్యాహ్నం. జీర్ణాశయం మెలితిరిగి నల్లబడిపోయిందన్నారు. పొట్ట మొత్తం కోసి చేశారు. ఐదో రోజు పోయింది.

ఎవర్నీ భయపెట్టడానికి కాదు. నొప్పి వస్తూ, వాంతి రాకుండా ఓకరింతలు మాత్రమే వస్తుంటే ఇంట్లో కూర్చోకండి. సోడా పట్టించకండి.

నర్సమ్మ_మర్రిపాలెం
అప్పలరాజు అన్నా, ఇది రాసినందుకు మనసారా దండం. మీరు రాసిన ఆ లక్షణం ఎంతమందికి తెలుసు? మా వార్డులో కొత్త పిల్లలకి చూపిస్తాను.

ఏఎంసీ_పాతబ్యాచ్
అప్పలరాజు గారూ, చాలా బాధగా ఉంది. మీరు చెప్పిన లక్షణాల్ని 1904లోనే బోర్కార్ట్ అనే సర్జన్ గుర్తించి రాశారు: విపరీతమైన పైకడుపు నొప్పి, ఏమీ పడని ఓకరింత, ముక్కులోంచి గొట్టం వేస్తే జీర్ణాశయంలోకి దిగకపోవడం. ఇలా జరిగేది తక్కువమందికే, కానీ జరిగితే గంటలే సమయం. అప్పుడు చేసే ఆపరేషన్‌కీ, తీరిగ్గా సిద్ధం చేసి చేసే ఆపరేషన్‌కీ ప్రాణాపాయంలో చాలా తేడా.

సుజాత_ఎంవీపీ
నిర్ణయానికి వచ్చేశాం. ముందు ఐరన్ ఎక్కించి హిమోగ్లోబిన్ పదికి తెచ్చి, అప్పుడు చేస్తామన్నారు మూడో సర్జన్. ఆయన్ని ఇక్కడ చదివినవన్నీ అడిగాను. ఇలాంటి పెద్దవి ఏడాదికి ఎన్ని చేస్తారు, మెష్ వేస్తారా, ఎంత చుడతారు, మళ్లీ వస్తే ఏం చేస్తారు. విసుక్కోలేదు. "స్కాన్‌లో మళ్లీ రావచ్చు, మీ అమ్మ తింటుందా, ఆయాసం లేకుండా నడుస్తుందా అన్నదే నేను చూస్తాను" అన్నారు. ఆ మాటతో కుదుటపడ్డాను.

ఖర్చు విషయం: ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందా అని ఎవరికైనా తెలుసా?

నర్సమ్మ_మర్రిపాలెం
ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. ఎండోస్కోపీ, సీటీ రిపోర్టులు పట్టుకుని చేరకముందే అడగండి. చేరాక అడిగితే తిరగాల్సి వస్తుంది. ఇన్సూరెన్స్ ఉన్నా అంతే.

తిండి గురించి రాస్తాను, అందరూ అడిగేది అదే. మొదటి కొన్ని రోజులు ద్రవాలే: పలచటి మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, గంజి. తర్వాత చోడి (రాగి) అంబలి జారుగా కాచి. ఆ పైన మెత్తగా కలిపిన పెరుగన్నం, నానిన ఇడ్లీ. మీ డాక్టరు ఏ రోజు నుంచి ఏది అంటే అదే పాటించండి. రోజుకి ఆరేడు సార్లు, ప్రతిసారీ అరకప్పు. చపాతీ, బ్రెడ్డు, ముద్దగా ఉండే పొడి అన్నం, గట్టి మాంసం ఇవి ఆగిపోతాయి, చివర్లో మొదలెట్టాలి. సోడా, కూల్‌డ్రింకులు వద్దు, గ్యాస్ పైకి రాలేక పొట్ట డోలులా ఉబ్బుతుంది. వికారం వస్తే ఓర్చుకోకుండా వెంటనే మందు అడగండి, ఎందుకంటే గట్టిగా వాంతి చేసుకుంటే కొత్త కుట్లు తెగొచ్చు. మాత్రలు కూడా పొడి చెయ్యొచ్చో లేదో అడిగి నూరి ఇవ్వండి.

ఉక్కునగరం_రిటైర్డ్
తేన్పు రాదమ్మా, ముందే చెప్తున్నా. మా చెల్లెలింట్లో భోంచేసి తేన్చలేదని, వంట నచ్చలేదేమోనని ఆవిడ రెండు రోజులు దిగులుపడింది.

లాసన్స్‌బే_వాణి
పాపం చెల్లెలు! మాస్టారూ, ఇప్పుడైనా వస్తుందా?

ఉక్కునగరం_రిటైర్డ్
ఏడాది తర్వాత చిన్నగా మొదలైంది. ఆ రోజే ఆమెకి ఫోన్ చేశాను.

సుజాత_ఎంవీపీ
ఆపరేషన్ అయి నేటికి 24 రోజులు. ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించండి.

రెండున్నర గంటలు పట్టింది. 270 డిగ్రీల చుట్టు, మెష్ వెయ్యలేదు. మధ్యలో ఊపిరితిత్తి పొర కొంచెం చిరిగి గ్యాస్ ఛాతీలోకి వెళ్లిందట, రాత్రంతా ఐసీయూలో పెట్టారు. ఆ రాత్రి మాకు చాలా టెన్షన్. పొద్దున్నకి ఎక్స్‌రే బాగుందన్నారు. నాలుగో రోజు ఇంటికి వచ్చాం. భుజం నొప్పి వచ్చినప్పుడు అమ్మ భయపడలేదు, "ఆ మాస్టారు చెప్పారుగా" అంది.

ఇప్పుడు జారుగా ఉన్నవన్నీ దిగుతున్నాయి. మొన్న పెరుగన్నంలో ఒక మెతుకు గట్టిగా తగిలి పది నిమిషాలు అవస్థ పడింది, తర్వాత పోయింది. నాలుగు కిలోలు తగ్గింది. హిమోగ్లోబిన్ 11.1, ఐరన్ ఎక్కించాం కాబట్టి ఇప్పుడే ఏమీ అనలేం, మూడు నెలలకి మళ్లీ చూడాలి. నిన్న రాత్రి మాత్రం రెండు దిండ్లు తీసేసి ఒక్క దిండు మీద పడుకుంది. నేను మధ్యలో మూడుసార్లు లేచి చూశాను. నిద్రపోతూనే ఉంది.

గాజువాక_రమణ
చాలా సంతోషం అక్కా. మీ అమ్మగారి రిపోర్టుల్లో రేపు ఎప్పుడైనా "మళ్లీ వచ్చింది" అని కనబడితే ముందు ఆవిణ్ణి ఎలా ఉందని అడగండి. మావయ్యకి నేను అలా చెయ్యలేదు.

తగరపువలస_కృష్ణవేణి
మెతుకు తగిలినప్పుడు నీళ్లు గబగబా తాగనివ్వకండి. లేచి నిలబడి మెల్లగా నడిస్తే దిగుతుంది. నాకు అదే పనిచేసింది.

సుజాత_ఎంవీపీ
సరే కృష్ణవేణి గారూ. ఇంకొకటి. మా అబ్బాయికి రెండేళ్లు, 12 కిలోలు. అమ్మమ్మ ఎత్తుకోవట్లేదని ఏడుస్తున్నాడు, ఆవిడా ఆగలేకపోతోంది. ఎత్తుకోవచ్చా?

ఏఎంసీ_పాతబ్యాచ్
ఇప్పుడే వద్దు. కనీసం ఆరు వారాలు ఏ బరువూ ఎత్తకూడదు, మీ సర్జన్ మూడు నెలలంటే మూడు నెలలే.

నర్సమ్మ_మర్రిపాలెం
ఆవిడ సోఫాలో కూర్చున్నాక మీరు వాణ్ణి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టండి. పొట్ట మీద దిండు అడ్డం పెట్టుకోమనండి, ఈ వయసు పిల్లలు కాళ్లతో తంతారు.